పుల్ల ఐసుపై పడిన నింద

వేసవి కార్యక్రమాలను గూర్చి మా కేంద్రంలో ముచ్చటించుకొనేటప్పుడు ఏటా ఒక మాట తప్పక వస్తుంది. చిన్ననాడు తిన్న పుల్ల ఐసు రుచి నేటి ఖరీదైన ఐస్‌క్రీములకు లేదన్నదే ఆ మాట. ఇంజనీర్లు, గుమాస్తాలు, గాయకులు, వార్తలు చదివేవారు అందరూ ఈ ఒక్క విషయంలో ఏకాభిప్రాయులు. ఏకాభిప్రాయం ఇంత సులభంగా కుదిరిన చోట కొంచెం అనుమానించడం మాకు అలవాటు. అదీగాక పుల్ల ఐసుకు మేము ఒక పాత బాకీ పడి ఉన్నాము. అది తీర్చుకొనడానికే ఈ ప్రసంగం.

మాది త్రిపురాంతకం ప్రాంతం. కొండమీద త్రిపురాంతకేశ్వరస్వామి, క్రింద చెరువు మధ్యను బాలా త్రిపురసుందరీదేవి కొలువైన క్షేత్రం. శ్రీశైలానికి తూర్పు ద్వారమని ప్రసిద్ధి. క్షేత్రం దయామయమే గాని వేసవికి మాత్రం దయ లేదు. 1980 దశకంలో, మేము పలక చంకన పెట్టుకొని బడికి పోయే రోజులలో, మధ్యాహ్నం వేళ వీధిలో కదలిక అంటూ ఉంటే అది ఐసు బండిదే. సైకిలు వెనుక ఒక చెక్కపెట్టె. దాని లోపల రేకుపెట్టె. రెంటికీ నడుమ రంపపు పొట్టు. చేతి క్రింద రబ్బరు బూర. ఆ బూర మ్రోగితే నిద్రపోతున్నట్లు నటిస్తున్న పిల్లలందరికీ ఒక్కసారిగా మెలకువ వచ్చేది.

రంగు ఐసు పది పైసలు, పాల ఐసు పావలా. కొసన నాలుగు పోగులు అంటించుకొని వచ్చే సేమియా ఐసుకు గౌరవం ఎక్కువ. పావలా అన్న నాణెమే 2011 జూన్ చివరితో చెలామణి నుండి తొలగిపోయినది గనుక నేటి పిల్లలకు ఈ ధరలు పురాణకాలపు లెక్కలవలె తోచవచ్చును. నాణెం లేని పిల్లవానికీ మార్గం ఉండేది. తెగిన చెప్పులు, తుప్పు పట్టిన మేకులు, ఖాళీ సీసాలు, పంట ఇంటికి వచ్చిన రోజులలో దోసెడు కందులు, ఏవైనా చెల్లేవి. విరిగిన పలకకు మాత్రం ఏమీ వచ్చేది కాదు. మార్కాపురం పలకలు దేశమంతటికీ వెళ్ళే రోజులలో, ఆ చుట్టుప్రక్కల పలక ముక్కకు విలువ కట్టేవారెవరు?

ఐసు వేసవి సరుకు. అంతకు ముందు మహాశివరాత్రి తిరునాళ్ళలో తీపికి అసలైన పండుగ. కొండ దిగి వచ్చేసరికి దారికి ఇరువైపులా ఖర్జూరపు రాసులు, బొరుగుల ఉండలు, బెండ్లు, బత్తాసులు, పంచదార చిలకలు. చిలకలు పోసే అచ్చులు చెక్కవి. రెండు దళాలుగా ఉన్న అచ్చును నీటిలో నానబెట్టి, బిగించి, కాగిన పంచదార పాకం లోపల పోస్తే కొద్ది నిమిషాలలో అది గట్టిపడి చిలకయో, కోడియో, రథమో అయి బయటికి వచ్చేది. ముందుగా తోక కొరకవలెనా, ముక్కు కొరకవలెనా అన్నది మా అన్నదమ్ముల మధ్య తీరని వివాదం.

జీళ్ళ వద్ద మేము ఎక్కువసేపు నిలబడేవాళ్ళము. బెల్లం ముదురు పాకం పట్టి, నూనె రాచిన బండమీద కుమ్మరించి, చేయి పట్టే వేడికి రాగానే దానిని ఒక మేకుకు తగిలించి లాగడం మొదలు పెడతారు. లాగి, మడిచి, మళ్ళీ లాగి, మళ్ళీ మడిచి. నల్లని ముద్ద చూస్తూ ఉండగానే గోధుమ రంగుకు, ఆపైన వెన్నెల రంగుకు తిరిగేది. సున్నం కలుపుతారని మా బడిలో ఒక పుకారు. అది అబద్ధం. మడిచినప్పుడెల్లా పాకంలో గాలి చిక్కుకొంటుంది. లాగినప్పుడెల్లా ఆ గాలి సన్నని పోగులుగా చీలుతుంది. వెలుతురు వాటిని తాకి అన్ని ప్రక్కలకూ చెదరడం వల్ల తెలుపు కనిపిస్తుంది. సాగదీసిన కథను జీడిపాకంతో పోల్చి నిందించడం మనకు పరిపాటి. అసలు జీడిపాకానికి ఎంత లాగితే అంత మంచిదన్న సంగతి మా రేడియో నాటక శాఖవారు మాత్రమే గ్రహించినట్లున్నారు.

ఇక నింద సంగతి. మా తరగతిలో సగంమంది పళ్ళమీద గోధుమ రంగు చారలు ఉండేవి. మాకూ ఉన్నవి, నేటికీ ఉన్నవి. పంతులుగారు వరుసగా నిలబెట్టి పళ్ళు చూపించమని, “ఇంకా తినండి పిప్పరమెంట్లు, ఇంకా చీకండి ఐసులు” అనేవారు. ఇంట్లోనూ అదే తీర్పు. ఏ బావిదో తెలియని మురికి నీళ్ళతో చేసిన ఐసు వల్ల పళ్ళు పాడైనవని మా అమ్మగారు వచ్చిన చుట్టాలందరికీ చెప్పేవారు. నేరం చేసినవాని వలె మేము నోరు మూసుకొని నవ్వడం నేర్చుకొన్నాము. ఫోటోలో పళ్ళు కనిపించకుండా నవ్వే మనుషులు మా వైపు ఎందరో ఉన్నారు.

ఈ తీర్పులో ఒక లోపం ఉన్నది. దానిని ఎవరూ పట్టించుకొనలేదు. వేసవి సెలవులకు తెనాలి వైపు నుండి మా పిన్ని పిల్లలు వచ్చేవారు. మేము ఒక ఐసు తింటే వారు మూడు తినేవారు. న్యూట్రిన్ వారి ఆశ చాక్లెట్లు జేబుల నిండా తెచ్చుకొనేవారు. చిత్తూరులో 1952లో పుట్టిన ఆ కంపెనీ మిఠాయిలు ఆనాడు తెలుగు దేశమంతటా దొరికేవి. వారి పళ్ళు మల్లెమొగ్గలు. వారు పుట్టి పెరిగినది కృష్ణ కాలువ నీటిమీద. మేము పెరిగినది బోరు నీటిమీద.

కొన్ని శిలలలో ఫ్లోరైడు గల ఖనిజాలు ఉంటాయి. వానలు తక్కువైన చోట, నీరు భూమి లోతున చిరకాలం ఆ శిలలను అంటిపెట్టుకొని ఉన్న చోట, అది నీటిలోకి దిగుతుంది. స్వల్పంగా ఉంటే పంటికి బలమే. లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు మంచిదని, వేరే నీరు లేనప్పుడు ఒకటిన్నర వరకు సహించవచ్చునని మన దేశపు ప్రమాణం. అది మించితే, దవడ లోపల పన్ను తయారవుతున్న వయస్సులో, అంటే ఇంచుమించు ఎనిమిదేళ్ళ లోపల, పంటిపైన పింగాణి సరిగా గట్టిపడదు. అక్కడ ఏర్పడిన సన్నని రంధ్రాలలోకి తరువాత రంగు దిగి చారలవుతుంది. మా తెనాలి బంధువులు సెలవులలో మా నీరు త్రాగినా చెడకపోవడానికి కారణం ఇదే: నెల రోజుల నీరు వేరు, ఏళ్ళ తరబడి నీరు వేరు. ఆ నీరే ఇంకా కొనసాగితే కీళ్ళు, వెన్నెముక బిగుసుకొనిపోతాయి. అటువంటి పెద్దలను మా ప్రాంతంలో చూడనివారు అరుదు.

ఇది క్రొత్తగా కనుగొన్న విషయం కాదు. మన దేశంలో ఈ వ్యాధిని గూర్చి మొట్టమొదటి వైద్య పరిశోధన 1937లో వెలువడినది. అది నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లాను గూర్చినదే. ఆ జిల్లా నుండి కనిగిరి, పొదిలి, దర్శి తాలూకాలను, కర్నూలు నుండి మార్కాపురం, గిద్దలూరులను తెచ్చి, 1970లో, తరువాత ప్రకాశం అని పేరు మారిన జిల్లాను ఏర్పరచారు. పటికతోను, సున్నంతోను ఫ్లోరైడును తొలగించే నల్లగొండ పద్ధతిని నాగపూరులోని నీరి సంస్థ 1970 దశకంలోనే రూపొందించినది. కృష్ణ నీటిని కొండ తొలిచి మా వైపు తేవాలన్న వెలిగొండ పథకానికి శంకుస్థాపన జరిగినది 1996లో. అప్పటికి మా పళ్ళు వచ్చి, చారలు పడి, స్థిరపడిపోయినవి. 1937 నాటి మాట మా బడివరకు నడిచి రావడానికి అర్ధశతాబ్దం చాలలేదు. ఆ లోపల శిక్ష అంతా ఐసుబండి అనుభవించినది.

అయితే ఆ ఐసు కూడా మా నీటితోనే చేసినది కదా అని శ్రోతలు అడగవచ్చును. లెక్క చూద్దాము. లీటరుకు మూడు మిల్లీగ్రాముల ఫ్లోరైడు గల నీరు అనుకొందాము. పిల్లవాడు రోజుకు రెండు లీటర్లు త్రాగితే ఆరు మిల్లీగ్రాములు. అరవై మిల్లీలీటర్ల పుల్ల ఐసులో రెండు పదుల వంతు కూడా లేదు. ఇంట్లో కడవెడు త్రాగించి వీధిలో గుక్కెడుకు కేకలు వేయడమన్నమాట.

ఆ గుక్కెడైనా ఎలా గడ్డకట్టేదో చెప్పుకోదగినదే. ఐసు కార్ఖానాలో ఉప్పునీటి తొట్టి ఉంటుంది. ఉప్పు కలిసిన నీరు సున్న డిగ్రీలకు గడ్డకట్టదు. తగినంత ఉప్పు ఉంటే సున్నకు ఇరవై డిగ్రీలు దిగువనైనా ద్రవంగానే ఉంటుంది. అమ్మోనియా యంత్రంతో చల్లబరచిన ఆ ఉప్పునీటిలో రంగునీరు పోసిన రేకు అచ్చులను, వెదురు పుల్లలు గుచ్చి దింపుతారు. గడ్డకట్టేటప్పుడు ఒక చిత్రం జరుగుతుంది. మంచు స్ఫటికం స్వచ్ఛమైన నీటినే తనలో చేర్చుకొంటుంది; తీపిని, రంగును, మిగిలిన లవణాలను ప్రక్కకు నెడుతుంది. అవన్నీ స్ఫటికాల సందులలో చిక్కని పాకంగా నిలుస్తాయి. మనం చీకినప్పుడు ముందుగా వచ్చేది ఆ పాకమే. నాలుగు గుక్కలలో రంగూ రుచీ నాలుక మీదికి వచ్చి, పుల్లకు తెల్లని చప్పని మంచు మిగలడం అందరూ అనుభవించినదే. ఖాళీ అయిన సందులలోకి గాలి చేరి, జీళ్ళలో వలెనే తెలుపు తెచ్చిపెడుతుంది. ఐసువాడు మోసం చేసినాడని ఆనాడు మేము వానితో తగవు పడ్డాము. ఆ తగవుకూ క్షమాపణ చెప్పవలసినది మేమే.

అంతమాత్రాన చిన్ననాటి తీపులన్నీ నిర్దోషులని తీర్పు చెప్పబోము. చారలకు కారణం నీరైతే, పిప్పిపంటికి కారణం తీపే. చవుక ఐసులలో పంచదారకు బదులు శాక్రిన్ వేయడం కద్దు. తీపి పోయిన తరువాత నాలుక చివర మిగిలే చిరుచేదు దానిదే. పీచు మిఠాయి సంగతి మరీ గమనించదగినది. యంత్రంతో దానిని తీయడం 1897లో అమెరికాలో కనిపెట్టినవారిలో ఒకరు, విచిత్రంగా, దంతవైద్యుడు. అదే పీచు మిఠాయిలో బట్టలకు వేసే రోడమిన్-బి అనే రంగు బయటపడినందున 2024 ఫిబ్రవరిలో పుదుచ్చేరి, తమిళనాడు ప్రభుత్వాలు దాని అమ్మకాన్ని నిషేధించాయి. తిరునాళ్ళలో మా పెదవులను గులాబి చేసిన రంగు ఏదని మేము ఎన్నడూ అడిగిన పాపాన పోలేదు. జ్ఞాపకానికి ఒక దుర్గుణం ఉన్నది. నాడు నిందించినవాటిని నేడు ఒక్కపెట్టున పొగుడుతుంది. రెండు సార్లూ విచారణ ఉండదు.

మొన్న ఊరికి వెళ్ళినప్పుడు ఈ సంగతులన్నీ మా అమ్మగారికి వివరించి చెప్పాము. 1937 నాటి పరిశోధన, బోరు నీరు, పంటి పింగాణి, ఏదీ విడువలేదు. రేడియోలో ప్రసంగం విన్నంత శ్రద్ధగా చివరివరకు విన్నారు. విని, శుద్ధి చేసిన నీళ్ళ డబ్బా నుండి మాకొక గ్లాసు వంచి ఇస్తూ అన్నారు: “నీళ్ళ సంగతి సరేగాని నాయనా, పుల్లైసులు మాత్రం తక్కువ తిన్నావా?”