కండకు కావలి కండలోనే వుంది

చిల్లకూరు: ఉప్పుగాలికి ఇనుము తుప్పు పట్టడం తీరప్రాంతం వారు ఎరిగినదే. వయస్సు పైబడిన కొద్దీ మనిషి కండకూ ఇంచుమించు అలాంటి చేటే కలుగుతుందని శాస్త్రజ్ఞులు చెబుతున్నారు. రెండింటిలోనూ ప్రాణవాయువుకు పాత్ర వుంది. అయితే ఇనుము తనను తాను కాపాడుకోలేదు. కండ కాపాడుకోగలదు.

చిల్లకూరు పొలాల్లో, గూడూరు నిమ్మతోటల్లో ఒళ్లు వంచి పనిచేసిన వారికి కూడా అరవై దాటాక నేలమీద కూర్చుని లేవడం కష్టమవుతుంది. ముప్ఫయ్యేళ్లు దాటాక ప్రతి పదేళ్లకూ కండ నూటికి 3 నుంచి 8 పాళ్లు తగ్గుతుందని, 60 తరువాత ఈ తరుగు ఇంకా ఎక్కువని అంచనా. కాళ్లలో బలం తగ్గితే పడిపోవడం, తుంటి ఎముక విరగడం, మంచం పట్టడం ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

కండ కణాల్లో మైటోకాండ్రియా అనే సూక్ష్మమైన పొయ్యిలు వుంటాయి. తిన్న తిండిని ప్రాణవాయువుతో మండించి శక్తినిచ్చేవి ఇవే. కండ ఆ శక్తిని దాచుకునే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో ఫిస్క్‌తో కలిసి వెల్లడించినది భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. పొయ్యిలోంచి నిప్పురవ్వలు ఎగిరినట్లు, శక్తి తయారయ్యేటప్పుడు 'ఫ్రీ రాడికల్స్' వెలువడతాయి. ఇవి శ్రుతి మించితే కణంలోని మాంసకృత్తులు, కొవ్వులు దెబ్బతింటాయి. ముసలితనానికి ఇవే మూలమని 1956లో డెన్‌హామ్ హార్మన్ ప్రతిపాదించారు. ఇదొక్కటే కారణం కాదని తరువాత తేలినా, కండ క్షీణతలో వీటికీ వాటా వుంది.

ఈ రవ్వలను ఆర్పే కావలి శరీరంలోనే వుంది. 1969లో మెకార్డ్, ఫ్రిడోవిచ్ గుర్తించిన సూపరాక్సైడ్ డిస్మ్యుటేస్ అనే ఎంజైము, కాటలేజ్ వంటి మరికొన్ని ఎంజైములు కలిసి వాటిని చివరకు నీరుగా, ప్రాణవాయువుగా మార్చేస్తాయి. కండకు పని చెప్పినప్పుడు రవ్వలు కాస్త లేస్తాయి. ఆ కాస్త సెగకే కావలి బలపడుతుంది. కదలిక లేని కండలో చేటు పెరుగుతుంది.

బిళ్లలతో ఈ పని జరగదా? 2009లో జర్మనీలో రిస్టో బృందం, వ్యాయామం చేసే యువకులకు రోజూ 1000 మిల్లీగ్రాముల సి విటమిను, దాంతోపాటు ఇ విటమిను ఇచ్చి చూసింది. బిళ్లలు వేసుకున్న వారిలో వ్యాయామం వల్ల పెరగవలసిన కావలి ఎంజైములు పెరగలేదు. భోజనంలో పిండుకునే నిమ్మకాయకు ఈ భయం లేదు. 1000 మిల్లీగ్రాములు కావాలంటే ముప్ఫై కాయలకు పైగా పిండాలి!

ఆలస్యమైందన్న బెంగ కూడా అక్కరలేదు. 1990లో అమెరికాలోని బోస్టన్‌లో సగటున 90 ఏళ్ల వృద్ధుల చేత 8 వారాలపాటు కాళ్లతో బరువులు ఎత్తించారు. చివరిదాకా నిలిచిన 9 మందిలో కాలి బలం సగటున 174 శాతం పెరిగింది.

'నీకెందుకమ్మా పని, కూర్చో' అని బిడ్డలు ప్రేమతోనే అంటారు. కాని రోజూ కొంత నడక, ఆసరా లేకుండా కుర్చీలోంచి పదిసార్లు లేవడం, కంచంలో పప్పు, గుడ్డు, చేప, ఆకుకూర పెద్దవారికి మేలు చేస్తాయి. గుండెజబ్బు, కీళ్లవాతం వున్నవారు ముందుగా డాక్టరును అడిగి మొదలుపెట్టడం మంచిది.