తెల్లదనానికి మూత్రపిండమే మూల్యమా?

న్యూఢిల్లీలో నిబంధనలకు కొరత లేదు. పాదరసాన్ని అదుపుచేసే మినమాటా ఒడంబడికను భారతదేశం 2018లో ధ్రువీకరించింది. 2020 నాటి సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం, కంటికి వాడేవి మినహా తక్కిన లేపనాలలో అనుకోకుండా కలిసిన పాదరసం సైతం పదిలక్షల పాళ్ళలో ఒక పాలు మించరాదు.

అయినను కేరళలోని కొట్టక్కల్ వైద్యులు 2021–2023 మధ్య పరిశీలించిన 22 మంది మూత్రపిండ వ్యాధిగ్రస్తులలో 15 మందికి ‘నెల్-1’ అనే అరుదైన రకం కనిపించింది. వారిలో 13 మంది చర్మాన్ని తెల్లబరచే క్రీములు వాడినవారే.

పాదరసం చర్మం గుండా రక్తంలో చేరుతుంది. దాని ప్రేరణతో, దేహాన్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తి దారి తప్పి సొంత మూత్రపిండపు వడపోత పొరపైనే దాడి చేస్తుంది. మూత్రంలో మాంసకృత్తులు పోతాయి. ముఖం, కాళ్ళు వాస్తాయి. క్రీము మానివేస్తే పలువురు కోలుకోవడం ఒక ఊరట.

రాష్ట్రాల ఔషధ తనిఖీ అధికారులు అంగళ్ళలోని చిరునామా లేని డబ్బాలను పట్టనంతకాలం ఢిల్లీ చేసిన సంతకానికి విలువేమి? నలుపును లోపంగా ఎంచే మన పెళ్ళిచూపుల సంస్కారం సైతం ఈ నేరంలో భాగస్వామియే.