మూడు దెబ్బలు, రెండు చేతులు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు పల్లెల్లో పెరిగిన పిల్లవాడికి మూడు దెబ్బల నడక ఎవరూ నేర్పనక్కర్లేదు. బారాత్‌లో తీన్మార్, పీర్ల పండుగకు డప్పు విని విని అది చెవికి ఎప్పుడో పట్టుబడి ఉంటుంది. అదే పిల్లవాడు డ్రమ్స్ ముందు కూచుని ట్రిప్లెట్ (ఒక బీటులో మూడు సమాన దెబ్బలు) ఫిల్లింగ్ వేయబోతే మాత్రం చేతులు తడబడతాయి. చెవిలో లోపమేమీ లేదు. దెబ్బలు మూడు, చేతులు రెండు కావడమే అసలు చిక్కు.

తీన్మార్ మర్ఫా మేళం నుంచి వచ్చింది. హైదరాబాదులో మర్ఫాను నిలబెట్టింది ఆఫ్రికా మూలాల సిద్దీలు, హద్రమౌత్ అరబ్బులు. ఆ కథలో ఈ పల్లెలున్న పాలమూరుకూ చోటుంది. 19వ శతాబ్దంలో వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికన్ సైనికులతో ఒక దళాన్ని పోషించాడు. తరువాత అది నిజాం సైన్యంలో కలిసింది. హైదరాబాదు ఏసీ గార్డ్స్ పేటలో నేటికీ ఆ సైనికుల వారసులున్నారు.

ఇక లెక్కకు వద్దాం. టెంపో నిమిషానికి 100 అనుకుంటే ఒక్కో బీటుకు 600 మిల్లీసెకన్లు. అందులో నాలుగు దెబ్బలు వేస్తే ఒక్కోదానికి 150, మూడు వేస్తే 200. నాలుగుకు అలవాటుపడిన చేయి మొదటి రెండు దెబ్బలను 150 చొప్పున తొందరగా కొట్టేసి, మూడోదాన్ని 300 దాకా సాగదీస్తుంది. 'తకిట' రావాల్సిన చోట గుర్రపు దౌడు వినిపిస్తుంది. కొత్తవాళ్ల ట్రిప్లెట్ ఎక్కువగా చెడేది ఇక్కడే.

రెండో చిక్కు మొదటి దెబ్బది. చేతులు మార్చి మార్చి కొడితే మొదటి బీటు కుడి-ఎడమ-కుడి, రెండోది ఎడమ-కుడి-ఎడమ. అంటే బీటు మీద పడే గట్టి దెబ్బ ఒకసారి కుడికి, మరోసారి ఎడమకు వస్తుంది. డప్పు వాయించి వచ్చినవాళ్లకు ఇది మరీ కొత్త. డప్పులో కుడిచేత పొట్టి, లావు సిర్ర, ఎడమచేత సన్నని చిటికెన పుల్ల ఉంటాయి. బరువైన దెబ్బ సిర్రది, సన్నని పలుకు పుల్లది. డ్రమ్స్‌లో రెండు పుల్లలూ ఒక్కటే కాబట్టి ఎడమ చేయి కూడా సిర్ర పని చేయాలి.

వేగం పెరిగితే మరో ఇబ్బంది. 1980లలో స్కాట్ కెల్సో అనే శాస్త్రవేత్త చూపుడువేళ్లను ఒకదాని తరువాత ఒకటి ఆడించమని, క్రమంగా వేగం పెంచమని కొందరిని అడిగాడు. ఒక దశ దాటాక వేళ్లు వాటంతటవే కలిసి ఆడసాగాయి. మార్చి మార్చి కదపడం కంటే కలిపి కదపడమే నాడీవ్యవస్థకు తేలిక. వేగంలో రెండు పుల్లలూ స్నేర్ డ్రమ్ మీద దాదాపు ఒకేసారి పడటం వెనుక ఈ మొగ్గు ఉండవచ్చు.

ఫిల్లింగ్ ముగింపూ లెక్కే. కుడితో మొదలుపెట్టి రెండు బీట్లు నింపితే ఆరు దెబ్బలు, చివరిది ఎడమది. ఆ తరువాత కొట్టే క్రాష్ సింబల్‌కు కుడి చేయి సిద్ధంగా ఉంటుంది. ఒక్క బీటే నింపితే మూడో దెబ్బ కుడిదే, క్రాష్ ఎడమ మీద పడుతుంది. దీనికి డ్రమ్మర్లు వాడే ఉపాయం కుడి-ఎడమ-కాలు. మూడో దెబ్బను కాలితో వాయించే కిక్ డ్రమ్ తీసుకుంటే ప్రతి బీటూ కుడితోనే మొదలవుతుంది. ఈ వరస అనగానే లెడ్ జెప్పెలిన్ డ్రమ్మర్ జాన్ బోనమ్ పేరే గుర్తొస్తుంది.

కాలితోనూ ఓ జాగ్రత్త ఉంది. మెదడు నుంచి కాలికి నరాల దారి చేతికన్నా పొడవు. అర మీటరు ఎక్కువనుకున్నా, సెకనుకు 50 మీటర్ల వేగంతో వెళ్లే సంకేతానికి 10 మిల్లీసెకన్లు అదనం. దానిపై పెడల్ కదిలే సమయం. అందుకే కాలు ఒక్క పిసరు ముందే కదలాలి. సాధనతో మెదడు ఆ తేడాను సర్దుకుంటుంది.

సాధన 60 టెంపోతో మొదలుపెట్టాలి. అక్కడ దెబ్బకు 333 మిల్లీసెకన్లు, ఆలోచించుకునే వ్యవధి ఉంటుంది. నోటితో 'తకిట' అంటూ, 'త' మీద మాత్రం గట్టిగా కొట్టాలి. ఫోన్‌లో రికార్డు చేసి కళ్లు మూసుకుని వినండి. ఏ 'త' ఎడమదో పోల్చుకోగలిగినంతకాలం టెంపో పెంచకండి.