ట్రాన్స్‌ఫార్మరులో నూనె ఎందుకు?

ఊరి బయట రెండు స్తంభాల మధ్య బిగించిన బూడిదరంగు ఇనుపపెట్టెను మీరు చూసే ఉంటారు. దాని పక్కల వరసగా గొట్టాలు ఉంటాయి. ఒక్కోచోట దాని కింద నేల నల్లగా, జిడ్డుగా కనిపిస్తుంది. కరెంటు పెట్టె కింద నూనె మరక ఏమిటి?

11,000 వోల్టులతో వచ్చే విద్యుత్తును తగ్గించి, మన ఇళ్ళకు 230 వోల్టులుగా అందించేది ఆ పెట్టే. లోపల ఇనుపరేకుల దిమ్మ, దాని చుట్టూ రాగి లేదా అల్యూమినియం తీగచుట్టలు ఉంటాయి. పని చేస్తున్నంతసేపూ అవి వేడెక్కుతూనే ఉంటాయి. 100 కె.వి.ఎ. ట్రాన్స్‌ఫార్మరు పూర్తి భారం మోసేటప్పుడు దాదాపు 2 కిలోవాట్ల విద్యుత్తు ఉత్త వేడిగా మారిపోతుంది. అంటే, కాలే ఇస్త్రీపెట్టెలు రెండు ఆ పెట్టెలో పెట్టి మూత బిగించినట్టే! ఆ వేడి బయటికి పోకపోతే తీగల మధ్య చుట్టిన కాగితం మాడిపోతుంది. తీగకు తీగ తగిలి ట్రాన్స్‌ఫార్మరు కాలిపోతుంది. అది నాట్ల సమయమైతే ఎన్ని మోటార్లు ఆగిపోతాయో రైతుల పిల్లలకు చెప్పనక్కరలేదు.

వేడిపాల గ్లాసును అమ్మ నీళ్ళగిన్నెలో ఎందుకు పెడుతుంది? గాలికంటే ద్రవం వేడిని త్వరగా లాక్కుంటుంది కనుక. ట్రాన్స్‌ఫార్మరులో నీళ్ళు పోయలేం. మామూలు నీటిగుండా విద్యుత్తు ప్రవహిస్తుంది. పెట్రోలియం నుంచి తీసిన ఖనిజ నూనె గుండా ప్రవహించదు. పైగా గాలికంటే ఆ నూనె ఎన్నో రెట్లు ఎక్కువ వోల్టేజిని ఆపగలదు. కాబట్టి తీగచుట్టలను దగ్గరగా అమర్చి పెట్టెను చిన్నది చేయవచ్చు. వేడెక్కిన నూనె తేలికై పైకి లేస్తుంది, పక్క గొట్టాలలోకి వెళ్ళి బయటిగాలికి చల్లారుతుంది, బరువెక్కి కిందికి దిగుతుంది. దీనికి పంపు అక్కరలేదు, మనిషీ అక్కరలేదు. ఆ పెట్టెలోకల్లా తెలివైన ఏర్పాటు ఇదేనని నా అభిప్రాయం.

చిక్కల్లా ఒక్కటే. ఈ నూనె మండుతుంది. సుమారు 140 డిగ్రీల సెల్సియస్ దాటితే దాని ఆవిరికి నిప్పు అంటుకోగలదు. లోపల మెరుపులాంటి చాపం పుడితే నూనె విరిగి హైడ్రోజన్, ఎసిటిలీన్ వంటి వాయువులు వెలువడి, పెట్టె పగిలిపోవచ్చు. పొలంలో అయితే పెట్టెతో పోతుంది. ఆసుపత్రి నేలమాళిగలో అయితే? పొగ మెట్లవెంట పైకి పాకుతుంది, పైన లేవలేని రోగులుంటారు.

అందుకే ఇంజనీర్లు మండని నూనె కోసం వెతికారు. 1930ల నుంచి పి.సి.బి. అనే ద్రవాలు వాడారు. అవి తేలికగా మండవు గాని విషం! మట్టిలో, చేపల్లో, మనుషుల కొవ్వులో ఏళ్ళ తరబడి నిలిచిపోతాయి. 1979లో అమెరికా వాటి తయారీని నిషేధించింది. 2001 నాటి స్టాక్‌హోం ఒప్పందం కూడా వాటిని తొలగించాలన్నది.

మరొక దారి, అసలు నూనే లేకుండా చేయడం. తీగచుట్టలను ఎపాక్సీ అనే గట్టి జిగురులో పోతపోస్తారు. చుట్టూ తిరిగే గాలే వాటిని చల్లారుస్తుంది. దీన్ని పొడి ట్రాన్స్‌ఫార్మరు అంటారు. గాలి వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది కనుక ఇది పెద్దదవుతుంది, ఖరీదూ ఎక్కువే. దుమ్ము, వాన పడవు. 33,000 వోల్టులు దాటితే వాడకం అరుదు. అయినా నివాస, వాణిజ్య భవనాల లోపల పొడివే పెట్టాలని 2010లో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ నిబంధన చేసింది. స్తంభాల మీదా, 4 లక్షల వోల్టుల సబ్‌స్టేషన్లలోనూ నూనెదే రాజ్యం. 300 డిగ్రీలు దాటితేగాని మండని సోయా నూనె రకాలు కూడా ఇప్పుడు వస్తున్నాయి.

నూనెకు మరో శత్రువు తేమ. చల్లారినప్పుడు నూనె కుంచించుకుని పెట్టె బయటిగాలిని పీలుస్తుంది. ఆ గాలి రావలసిన దారిలో చాలా వాటికి చిన్న గాజుకుప్పె, అందులో నీలిరంగు సిలికా జెల్ గుళికలు ఉంటాయి. తేమను పీల్చి అవి గులాబీరంగుకు తిరుగుతాయి. దూరంగా, కంచె బయటే నిలబడి చూడండి. గులాబీరంగు కనిపిస్తే లైన్‌మన్‌గారికి చెప్పండి.