అడవి పూరేడు: విస్తృతి, ఆవాసం, గట్టు పొదల ఆవశ్యకత

ఫారాలలో పెంచే కౌజు జపాన్ జాతికి చెందినది. మన చెలకల అంచులలో, గుట్టల పొదలలో తిరిగే అడవి పూరేడు వేరొక జాతి. దీని శాస్త్రనామం పెర్డిక్యులా ఏషియాటికా. భారతదేశం, శ్రీలంక దీని సహజ నివాసాలు.

గుర్తింపు

పొడవు సుమారు 17 సెం.మీ. మగపక్షి ఛాతీపై నలుపు, తెలుపు అడ్డచారలుంటాయి. ఆడపక్షికి ఛాతీ చారలు లేక లేత గోధుమ వర్ణంలో ఉంటుంది. గుంపుగా సంచరించి, మనిషి అడుగు పడేంత దగ్గరకు వచ్చేవరకు కదలక, ఒక్కసారిగా రెక్కల చప్పుడుతో నలుదిక్కులకు ఎగిరిపోవడం దీని ప్రత్యేకత.

ఆవాసం

ఆకురాల్చు పొడి అడవులు, గడ్డి, రాళ్లు కలసిన పొదల భూములు దీనికి అనుకూలం. కొడకండ్ల పరిసరాల రాతిగుట్టల పొదలు మొదలుకొని పాకాల, భూపాలపల్లి అడవుల వరకు ఇట్టి ఆవాసాలున్నాయి. చెట్లు పలుచబడి ముళ్లకంప, రాతినేల అధికమైన చోట్లను దీని దగ్గరి బంధువైన పెర్డిక్యులా ఆర్గూండా ఎక్కువగా ఆశ్రయిస్తుంది. ఏషియాటికా ఆడపక్షికి గొంతు, కనుబొమ్మ ఇటుక రంగులో ఉండగా, ఆర్గూండా ఆడపక్షికి ఆ గుర్తులుండవు.

వ్యవసాయంతో సంబంధం

గడ్డి గింజలు, రాలిన పప్పుధాన్యాలు, చెదలు దీని ఆహారం. గడ్డి దుబ్బు మొదట నేలపైనే గూడు కట్టి, సాధారణంగా 4 నుండి 8 గుడ్లు పెడుతుంది. గుడ్లు పెట్టే కాలం ప్రాంతాన్ని బట్టి మారినా, స్థూలంగా వానలు ముగిసినప్పటి నుండి చలికాలాంతం వరకు ఉంటుంది. మన వానాకాలపు పంట కోతలు, కొయ్యకాళ్లకు, గట్లకు నిప్పు పెట్టడం కూడా ఆ నెలలలోనే జరుగుతాయి. నేలపై ఉన్న గూటికి ఆ నిప్పు నుండి రక్షణ లేదు. పత్తి, వరి విస్తరించి గట్లు సన్నబడిన కొద్దీ, కలుపు మందులు గట్లపైన కూడా చల్లిన కొద్దీ గూటికి తావు, పిల్లలకు మేత రెండూ తగ్గుతాయి.

సూచనలు

1. కొయ్యకాళ్లను కాల్చక నేలలో కలియదున్నవలెను.
2. అడవిని ఆనుకొన్న గట్లపై గడ్డి, పొదలను కొంతమేర వదలవలెను. ఇవి గట్టు కోతను కూడా ఆపుతాయి.
3. కలుపు మందును పంట సాళ్లకే పరిమితం చేయవలెను.
4. మందు పట్టించిన విత్తనాలను నేలపై వదలక మట్టితో కప్పవలెను.
5. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం ఈ పక్షిని వేటాడటం నేరమని గ్రామాలలో తెలియజేయవలెను.

ఈ జాతికి నేడు ప్రపంచస్థాయిలో అంతరించే ముప్పు లేదు. అయినా ఒక ఊరి పొదలలో అది మిగలడం ఆ ఊరి రైతు గట్టును ఎట్లా చూస్తాడన్న దానిపైనే ఆధారపడి ఉన్నది.