బరువు మారిన సహోదరితో

రొమ్ము క్యాన్సరుకు చికిత్స పొందుతున్న సహోదరి ఆరాధనకు వస్తే, "లావయ్యావమ్మా, జబ్బు నయమైనట్లే!" అంటాం. ఆ మాట ఆమెను ఎంత నొప్పిస్తుందో గ్రహించం. వాంతులు రాకుండా కీమోథెరపీతోపాటు ఇచ్చే స్టెరాయిడ్ మందులు ఆకలిని పెంచుతాయి. నీరసం వల్ల నడక తగ్గుతుంది. కొందరికి నెలసరి ముందుగానే ఆగిపోతుంది. కండ తగ్గి, కొవ్వు పెరుగుతుంది. ఇది తిండిపోతుతనం కాదు. మరికొందరు వికారంతో, నోటిపూతతో చిక్కిపోతారు.

చికిత్స ముగిసినా పెరిగిన బరువు త్వరగా తగ్గకపోవచ్చు. కాళ్లవాపు, ఆయాసంతో బరువు హఠాత్తుగా పెరిగినా, కారణం లేకుండా తగ్గినా వెంటనే డాక్టరుకు చూపించాలి. డాక్టరును అడగకుండా ఆమె ఉపవాసం ఉండరాదు. ఉడికించిన గుడ్డు, పప్పు, చేప ఆమెకు బలం. ఆమె తరఫున ఉపవాస ప్రార్థన మనం చేద్దాం. సాయంత్రాలు ఆమెతో కలిసి కాసేపు నడుద్దాం.