అరవై ఎనిమిది చాలవా?

మార్చి నెల వస్తే అమెరికావాళ్ళకు కాలేజీ బాస్కెట్‌బాల్ తప్ప వేరే ధ్యాస వుండదు. ఆ సంబరానికి వాళ్ళే "మార్చి పిచ్చి" అని పేరు పెట్టుకున్నారు! 1939లో 8 జట్లతో మొదలైన పోటీ 1985 నాటికి 64 జట్లదయింది. ఆ 64లో ఒక అందం వుంది. విడతకు సగం చొప్పున తగ్గుతూ ఆరు విడతల్లో ఒక్కటే మిగులుతుంది. గెలిచేదెవరో ఒక్క కాగితం మీద రాసుకుని తాతా మనవడూ పోటీ పడతారు.

2011లో ముందు నాలుగు ఆటలు అతికించి 68 చేశారు. 2025లో 72 చేద్దామా, 76 చేద్దామా అన్న చర్చ లేచేసరికి అభిమానులు చాలామంది భగ్గుమన్నారు. ఆటలు పెరిగితే వాళ్ళకేం నొప్పి అంటారేమో! కాలేజీలు కూటములుగా ఆడతాయి. కూటమి విజేతకు చోటు ఖాయం. తక్కిన జట్లను ఒక కమిటీ ఏరుతుంది. కొత్త చోట్లు పెద్ద కూటముల్లోని మధ్యరకం జట్లకే పోతాయనీ, చిన్న కాలేజీలు గుమ్మం దగ్గరే తమలో తాము కొట్టుకోవాలనీ వాళ్ళ బాధ.

మొదటిది నిజమే. రెండోది నేను పూర్తిగా ఒప్పుకోను. ఫెయిర్లీ డికిన్సన్ అనే చిన్న విశ్వవిద్యాలయం 2023లో ఆ గుమ్మం ఆట గెలిచే లోపలికొచ్చింది. వచ్చి, అగ్రశ్రేణి పర్డ్యూను 63–58తో ఇంటికి పంపింది. అంతకుముందు 2011లో వర్జీనియా కామన్వెల్త్ జట్టూ అదే దారిన వచ్చి చివరి నలుగురిలో నిలిచింది సుమా!

నన్నడిగితే, కొత్త చోట్లలో సగం చిన్న కూటములకు రాసిపెడతామని ముందే చెప్పివుంటే ఇంత గగ్గోలు లేచేది కాదు. అప్పుడు మిగిలేది కాగితం పేచీ ఒక్కటే.